చెరకు నాలుకకు నూట ఇరవై నిమిషాల బీరు

తియ్యటి మందంటే మన తాగేవాళ్లలో చిన్నచూపు. అది కొత్తగా మొదలుపెట్టినవాళ్లకని ఒకరంటారు, తాగడం చేతకానివాళ్లకని ఇంకొకరంటారు. నిజామాబాద్‌లో ఏ బార్‌లో కూచున్నా బేరర్‌తో చెప్పే మొదటి మాట 'స్ట్రాంగ్'. బ్రాండు సంగతి ఆ తర్వాత. విచిత్రం ఏమిటంటే ఆ మాట అనేవాళ్లలో చాలామంది చెరకు పండిన ఊళ్లవాళ్లే. బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని వైపు నుంచి వచ్చినవాళ్లు. తీపిని టన్నుల లెక్కన తూకం వేసి అమ్ముకున్న ఇళ్ల పిల్లలు, గ్లాసులో కాస్త తీపి తగిలితే ముఖం చిట్లిస్తారు.

నాకు మాత్రం ఘాటూ తీపీ ఒకే గ్లాసులో ఉన్న మందు మీద ఎప్పటినుంచో కుతూహలం. అవి రెండూ మామూలుగా కలిసి ఉండవు మరి. చక్కెర చస్తేనే మత్తు పుడుతుంది. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. తూకంలో సగం ఆల్కహాలవుతుంది, మిగతా సగం దాదాపుగా బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. కాబట్టి మత్తు పెరిగేకొద్దీ తీపి తరగాలి. రెండూ నిండుగా ఉన్నాయంటే ఆ ఖర్చు ఎక్కడో ఎవరో భరించారన్నమాట. ఎవరు భరించారన్నదే ఈ పోలికలో నేను చూడదలచుకున్నది.

ముందు పెట్టుకున్నవి మూడు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రపు డాగ్‌ఫిష్ హెడ్ బ్రూవరీ చేసే '120 మినిట్ ఐపీఏ' ఒకటి. మన వైన్ షాపుల్లో దొరికే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ లాగర్ ఒకటి. చలికాలం పొద్దున బోధన్ దారిలో దొరికే ఈత కల్లు ఇంకొకటి. నాలుగోది కూడా ఉంది. దాన్ని నేను రుచి చూడలేదు, చూడను. అయినా అది లేకుండా ఈ లెక్క తేలదు.

అమెరికా సీసాతోనే మొదలుపెడతాను. న్యూజెర్సీలో ఉంటున్న మేనల్లుడు తెచ్చాడు. 355 మిల్లీలీటర్ల చిన్న సీసా. నేను అలవాటు కొద్దీ పెద్ద బీరు గ్లాసులు తీస్తుంటే నవ్వాడు. "మామా, గవి లోపల పెట్టు. గిది బీరోలె తాగేది కాదు, చిన్న గ్లాసులు తియ్యి" అన్నాడు. ఆల్కహాలు 15 నుంచి 20 శాతం మధ్య అంటుంది కంపెనీ. మన దుకాణంలోని స్ట్రాంగ్ సీసా మీద రాసి ఉండేది 8 శాతానికి మించదని. అంటే బీరని పిలుస్తున్న ఈ చిన్న సీసా, మన స్ట్రాంగ్‌కు దాదాపు రెండింతలో, అంతకు పైగానో స్ట్రాంగ్.

రంగు ముదురు తేనె రంగు, వెలుతురుకు పెడితే రాగి ఛాయ. నురగ అంటూ పెద్దగా లేదు. గ్లాసు అంచు చుట్టూ సన్నటి తెల్ల గీతలా నిలిచి, చూస్తుండగానే పోయింది. గ్లాసు తిప్పితే లోపలి గోడ మీద ద్రవం జారడానికి తొందరపడదు. వాసనలో ముందు కమలా తొక్క, దాని వెనక ఎండు ఖర్జూరం, ఆ వెనక స్పిరిట్. నోట్లో పోసుకోగానే తీపి. అదీ మామూలు తీపి కాదు, నాలుకంతా పరుచుకుని పెదాలు ఒకదానికొకటి అంటుకునేంత తీపి. మింగాక రెండు మూడు క్షణాలకు ఛాతీలో వేడి. చేదు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తే, అంతా అయిపోయాక గొంతు మొదట్లో ఎక్కడో తగిలింది. పేరేమో ఐపీఏ, ఇండియా పేల్ ఏల్, అంటే చేదు ప్రాణంగా ఉండాల్సిన బీరు. ఇందులో హాప్స్ పూల చేదుకు కొదవ లేదు, ఉన్నదంతా తీపి కింద పాతరేశారు.

మొదటి గుక్క అద్భుతం, ఆ మాట దాచను. రెండో గుక్కకు ఆ అద్భుతం ఎలా చేశారో అర్థమవుతుంది. మూడో గుక్కకు నాలుక అలసిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనం పోయి, ఇరవై నిమిషాలు బల్ల మీద ఉన్నాక, ఖర్జూరపు వాసన ముందుకొచ్చి స్పిరిట్ కొంచెం వెనక్కి తగ్గింది. దాన్ని తాగాల్సింది అప్పుడే. కానీ అప్పటికి మా నలుగురిలో ఇద్దరు గ్లాసులు దూరంగా జరిపేశారు.

ఇదెలా చేస్తారో తెలిస్తే తప్ప తీర్పు చెప్పలేం. డాగ్‌ఫిష్ హెడ్‌ను సామ్ కాలజియోనీ 1995లో మొదలుపెట్టాడు. టీవీలో ఒక వంటవాడు సూప్ ఉడుకుతున్నంతసేపూ మిరియాలు చిటికెడు చిటికెడు వేస్తూ పోతే రుచి బాగుంటుందని చెప్పడం విని, బీరు మరుగుతున్నంతసేపూ హాప్స్ అలాగే వేస్తూ ఉంటే ఎలా ఉంటుందని ఆలోచించాడట. మొదట్లో ఆ పనికి పిల్లలాడుకునే, కరెంటుతో గజగజలాడే ఫుట్‌బాల్ బొమ్మబల్లను వాడాడు. బల్ల వణుకుతుంటే హాప్స్ కొంచెం కొంచెంగా పాత్రలోకి జారేవి. అలా తొంభై నిమిషాలు మరిగించినది '90 మినిట్', రెండు గంటలు మరిగించినది 2003లో వచ్చిన '120 మినిట్'.

హాప్స్ కథ వినడానికి బాగానే ఉంటుంది. చెరకు ఊళ్లవాడికి ఆసక్తి కలగాల్సింది మాత్రం చక్కెర దగ్గర. మామూలు లాగర్ మొదలయ్యే మాల్ట్ (మొలకెత్తించిన ధాన్యం) రసంలో కరిగిన చక్కెర పదార్థం నూటికి పన్నెండు పాళ్ల చుట్టూ ఉంటుంది. బ్రూవరీ వాళ్లు దాన్ని ప్లేటోలో కొలుస్తారు, షుగర్ ఫ్యాక్టరీ వాళ్లు బ్రిక్స్‌లో. పేర్లు వేరైనా కొలత దాదాపు ఒకటే. మన చెరకు రసం మంచి సీజన్‌లో 18 నుంచి 20 బ్రిక్స్ చూపిస్తుంది. అంటే లాగర్ కంటే మన చెరకు రసమే చిక్కన. 18 శాతం ఆల్కహాలు రావాలి, ఆ పైన తీపీ మిగలాలి అంటే చెరకు రసానికి దాదాపు రెండింతల చక్కెర కావాలి. అంత చిక్కటి రసంలో ఈస్టును వదిలితే అది మొదట్లోనే ఊపిరాడక చతికిలబడుతుంది. అందుకని పులుస్తుండగా చక్కెరను విడతలుగా పోస్తారు. ఈస్టు ఒక వాయి తిని అరిగించుకున్నాక ఇంకో వాయి. చివరికి అది తయారుచేసిన ఆల్కహాలే దానికి విషమవుతుంది. అప్పటికి ఇంకా తినకుండా మిగిలిపోయిన చక్కెరే మన పెదాలకు అంటుకున్న తీపి. ఈ సీసాలో ఘాటూ తీపీ కలిసి ఉన్నాయంటే ఆ ఖర్చు ఈస్టు భరించింది. చచ్చేదాకా పనిచేయించారు దానితో.

ఇక మన స్ట్రాంగ్. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నగరంలో బీరు తెలిసినవాళ్లకు ఫ్యాషన్. హైదరాబాద్‌లో మైక్రో బ్రూవరీలు వచ్చాక ఆ ఫ్యాషన్ ఇంకా ముదిరింది. నేను ఆ గుంపులో చేరను. ఎండాకాలం సాయంత్రం, నిజామాబాద్‌లో నలభై మూడు డిగ్రీలు కాసిన రోజు, ఐసుపెట్టెలోంచి తీసిన స్ట్రాంగ్ సీసా తన పని తాను చేస్తుంది. లేత బంగారు రంగు, గ్యాసు బాగా, నురగ గట్టిగా. ముక్కు దగ్గర పెడితే చెప్పుకోదగ్గ వాసన ఏమీ ఉండదు. నోట్లో ముందు చలి, తర్వాత గ్యాసు, ఆ తర్వాత లీలగా ధాన్యపు తీపి. చల్లగా ఉన్నంతసేపే దాని బతుకు. పావుగంట ఆగితే గ్యాసు తగ్గి, ఉడికించిన మొక్కజొన్న లాంటి వాసనా, వెనక స్పిరిట్ ఘాటూ బయటపడతాయి. అందుకే మనవాళ్లు గబగబా తాగేస్తారు. అమెరికా బీరు వేడెక్కితే నోరు విప్పుతుంది. మనది వేడెక్కితే గుట్టు విప్పుతుంది.

ఇక్కడ చెరకు సీమవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. బీరులో పంచదార వేస్తే తియ్యగా అవుతుందని మనం అనుకుంటాం. అవదు. మాల్ట్‌లో ఈస్టు తినలేని పదార్థాలు కొన్ని ఉంటాయి, అవే బీరుకు ఒళ్లూ చిక్కదనమూ ఇస్తాయి. పంచదారను ఈస్టు మిగల్చకుండా తింటుంది. కాబట్టి మాల్ట్ తగ్గించి ఆ మేరకు పంచదార వేసినకొద్దీ మత్తు తగ్గదు, బీరు పలచబడుతుంది, నోరు పొడిబారుతుంది. మన దేశంలో స్ట్రాంగ్ లాగర్లు చాలావరకు మాల్ట్‌తో పాటు బియ్యమో మొక్కజొన్నో చక్కెర పాకమో కలిపి చేసేవే. తక్కువ ఖర్చులో ఎనిమిది శాతానికి చేరే దారి అది. అంటే మన బార్‌లో స్ట్రాంగ్ తాగుతున్నవాడు తెలియకుండానే చక్కెర తాగుతున్నాడు. తీపి ముట్టనని ప్రమాణం చేసినవాడి గ్లాసులో తీపి వేషం మార్చుకుని కూచుంది.

పంచదార వెయ్యడమే తప్పని అనను. బెల్జియంలోని వెస్ట్‌మాల్ మఠంలో క్రైస్తవ సన్యాసులు చేసే ట్రిపెల్‌లోనూ చక్కెర వేస్తారు. అది తొమ్మిదిన్నర శాతం. ప్రపంచంలో మేలైన బీర్లలో ఒకటిగా దానికి పేరు. అక్కడా చక్కెర బీరును పలచబరచడానికే. అయితే ఈస్టుకు పండ్ల వాసనలు పుట్టించే తీరుబాటు ఇస్తారు, సీసాలో మళ్లీ పులియనిస్తారు, తొందరపడరు. తేడా అంతా ఆ తీరుబాటులో ఉంది. మన స్ట్రాంగ్‌లో ఖర్చు భరించింది నాలుక. మత్తుకు ధర కట్టారు గానీ రుచికి ఎవరూ కట్టలేదు. 2025 జనవరిలో ధర పేచీ వచ్చి యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపినప్పుడు ధర గురించీ బకాయిల గురించీ రోజూ చదివాం. ఆ రగడలో రుచి ప్రస్తావన నాకెక్కడా కనపడలేదు.

ఇప్పుడు ఈత చెట్టు కిందికి వెళ్దాం. ఈత చలికాలపు చెట్టు. తాటికి గెల కోస్తారు. ఈతకు మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. ఏడాదికో వైపు చెక్కుతూ పోతారు కాబట్టి పాత చెట్టు మొద్దు మీద మెట్లుమెట్లుగా గాట్లు కనిపిస్తాయి. గౌడన్న మోకూ ముస్తాదూ కట్టుకుని సాయంత్రం చెట్టెక్కి లొట్టి కట్టి, తెల్లవారకముందే దించుతాడు. చెట్టులోంచి ఊరేది ఉత్త తియ్యటి నీరు, నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. దానికి ఎవరూ ఈస్టు కలపరు. గాలిలోదీ, చెట్టు మీదిదీ, నిన్నటి లొట్టిలో మిగిలినదీ చాలు. బొట్టు పడ్డ క్షణం నుంచే పులియడం మొదలు. పొద్దున ఏడింటికి తీపి, పదింటికి తీపీ పులుపూ సమానం, మధ్యాహ్నానికి పులుపు, రాత్రికి సిర్కా. ఎంత పులిసినా ఆల్కహాలు నాలుగైదు శాతం దగ్గర ఆగుతుంది. ఆలోగా పులుపు చేసే సూక్ష్మజీవులు ఈస్టు సరసన చేరిపోతాయి.

ఒకసారి ఎండెక్కాక వెళ్లి అడిగితే గౌడన్న ఇచ్చిన జవాబు నాకు బాగా గుర్తు: "పొద్దెక్కినంక ఏముంటది సారూ, ఈతది మంచు ఉండంగనే తాగాలె." ఆ మాటలో ఏ రుచిచూపరి పుస్తకం చెప్పినదానికన్నా ఎక్కువ ఉంది.

మంచు ఉండగా తాగితే ఎలా ఉంటుంది? పలచటి పాల రంగు, పైన చిన్నచిన్న బుడగలు. ఆకు దొప్ప నోటి దగ్గరికి తేగానే పచ్చి ఆకు వాసన, దానితో కలిసి అప్పుడే లేస్తున్న పులుపు. నాలుక మీద ముందు తీపి, కానీ అది నిలబడదు. సన్నటి గ్యాసు చురుక్కుమంటుంది, వెంటనే పులుపు వచ్చి తీపిని తుడిచేస్తుంది. అందుకే ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. పక్కన ఉప్పూ కారం వేసిన గుడాలుంటే చెప్పక్కర్లేదు. మూడో దొప్పకు కూడా నాలుక అలసిపోదు. 120 మినిట్‌తో పోలిస్తే ఇక్కడే తేడా తేలిపోతుంది. రెంటిలోనూ తీపి ఉన్నది ఈస్టు పని పూర్తికాకపోవడం వల్లే. అక్కడ ఈస్టు చచ్చి ఆగింది, తీపి మిగిలింది. ఇక్కడ ఈస్టు పనిలో ఉండగానే మనం తాగేశాం, తీపి దొరికింది. మొదటి తీపికి ఎదురు నిలిచే పులుపు లేదు. చేదు ఉన్నా దాన్ని అణిచేశారు. రెండోదానికి పులుపు తోడుంది. తీపి మందుకు ప్రాణం తీపి కాదు, దానికి ఎదురు నిలిచేది. 120 మినిట్‌లో ఆ ఎదురు లేదు, లేదా ఆలస్యంగా వచ్చింది.

తీపీ ఘాటూ కలిపినది 120 మినిట్ ఒక్కటే కాదు, ఆస్ట్రియాలో సామిక్లౌస్ అని 14 శాతం లాగర్ ఒకటుంది. మొదట స్విట్జర్లాండ్‌లో పుట్టింది, ఇప్పుడు ఎగ్గెన్‌బర్గ్ బ్రూవరీది. ఏడాదికి ఒక్కరోజు, డిసెంబరు 6న సెయింట్ నికలస్ పండుగనాడు వండి, పది నెలలు చల్లటి గదిలో పండబెడతారు. అదీ గట్టి తీపే. తీపినీ ఘాటునూ ఓపికతో ఒద్దికగా కూర్చవచ్చని దాన్ని చూస్తే తెలుస్తుంది. ఆ పక్కన 120 మినిట్ కాస్త కుర్రతనంగా కనిపిస్తుంది, బలం చూపించడమే పనిగా పెట్టుకున్నట్టు. సీసాను రెండు మూడేళ్లు అటక మీద దాస్తే మెత్తబడుతుందని అభిమానులు అంటారు. మన ఇళ్లలో అటక మీద మే నెల వేడికి ఏ బీరూ మెత్తబడదు, పాడవుతుంది. ఆ సలహా మనకు వద్దు.

నాలుగో గ్లాసు దగ్గరికి రాక తప్పదు. నిజామాబాద్‌లో కల్లు అంటే చాలామందికి ఈత చెట్టు కాదు, డిపో. సీసా కల్లు. ఉన్న చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఈత చలికాలానిది, తాటి దాని తర్వాతది, గిరాకీ మాత్రం పన్నెండు నెలలది. చెట్టు కల్లుకు రెండు జబ్బులున్నాయి వ్యాపారి లెక్కలో: మధ్యాహ్నానికి తీపి పోతుంది, ఎంత తాగినా మత్తు ఓ మోస్తరుకు మించదు. అంటే ఘాటూ తీపీ కలిసి కావాలన్న పాత కోరికే ఇక్కడా ఉంది. కాలజియోనీ దాన్ని ఈస్టుతో సాధించాడు. కల్తీ చేసేవాడు తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం వాడతాడు. ఎక్సైజ్ దాడుల వార్తల్లో ఈ పేర్లు ఏళ్లుగా చదువుతూనే ఉన్నాం. నీళ్లలో ఇవి కలిపి, తెలుపు కోసం కాస్త అసలు కల్లు పోస్తే సీసా తయారు. ఇందులో ఖర్చు భరించేది తాగేవాడి నరాలు.

2015లో కల్తీ మీద దాడులు ముమ్మరమైనప్పుడు ఆ ఖర్చు బయటపడింది. డిపోల్లో మందు కలపడం ఒక్కసారిగా ఆగేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వరస కట్టారు. చేతులు వణికేవాళ్లు, మెడ పక్కకు వంకరపోయినవాళ్లు, లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేసేవాళ్లు. వాళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లూ, కూలీలూ ఉన్నారు. ఉత్త చెట్టు కల్లు మానేసినంత మాత్రాన ఇంతమందికి ఒక్కసారిగా అలా కాదు. వాళ్లు మానేసింది నిద్రమాత్రలు, తాము మింగుతున్నట్టు తెలియని మాత్రలు. డిపో సీసాను రుచి విమర్శలోకి తీసుకురావడం అన్యాయమని కొందరు అనవచ్చు. నేను ఒప్పుకోను. మధ్యాహ్నం దాకా కూడా నిలవని తీపి రాత్రి పదింటిదాకా నిలిచిందంటే, అక్కడ ఏదో తప్పు జరిగిందని మొదట చెప్పగలిగేది నాలుకే. పొద్దున చెట్టు కింద ఒక్కసారి తాగినవాడికి డిపో సీసాలోని తీపి అబద్ధమని పట్టుకోవడం కష్టం కాదు. పులుపు లేని తీపి, సాయంత్రం వేళ, ఈత కల్లులో ఉండదు.

అదే 2015 డిసెంబరులో బోధన్ షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి కాలువలు పారాక, ఆ నీటిని నమ్ముకుని 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడింది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌తో స్పిరిట్ కాచే డిస్టిలరీ కూడా దానికి ఉండేది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది, పదమూడేళ్లకు మూతబడింది. చెరకు పోయి చాలా పొలాల్లో వరి వచ్చింది. ఇప్పుడు మన స్ట్రాంగ్ సీసాలో వేషం మార్చుకున్న చక్కెర ఏ ఫ్యాక్టరీదైనా కావచ్చు, షక్కర్‌నగర్‌ది మాత్రం కాదు. ఈ మాట బాధతో అంటున్నదే గానీ, ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మాత్రం మనకు మంచి మందు దొరికిందని కాదు. అంత చక్కెర చేసిన ఊరు ఆ చక్కెరతో గొప్పగా తాగదగ్గది ఒక్కటీ చేయలేదు. స్పిరిట్ కాచి పంపింది, అంతే. కామారెడ్డి మార్కెట్ బెల్లానికి పేరు మోసింది. దాని చుట్టూ పుట్టిన మందు గుడుంబా. నల్లబెల్లం, పటిక, నవసాగరం. దాని రుచి గురించి రాయడానికేమీ లేదు, తాగేవాళ్లే ముక్కు మూసుకుంటారు.

అయినా ఒక ఊహ చెప్పకుండా ఉండలేను. బెల్లంలోని తీపిని ఈస్టు తినేస్తుంది, కానీ బెల్లం వాసననూ, మాడిన పాకపు చాయనూ తినలేదు. తెల్ల పంచదారకు ఆ అదృష్టం లేదు. మంచి మాల్ట్‌తో, కాస్త నిజామాబాద్ ప్రాంతపు బెల్లంతో, తొమ్మిది పది శాతం దగ్గర ఆపి, తొందరపడకుండా పండబెట్టిన బీరు చేస్తే తీపి లేకుండానే చెరకును గుర్తుచేస్తుంది. మన చట్టం దాన్ని ఒప్పుకోదనుకోండి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం అయిదు శాతం దాటితే స్ట్రాంగ్ బీరు, ఎనిమిది దాటితే బీరే కాదు. ఆ లెక్కన పేరులోనే ఇండియాను మోస్తున్న 120 మినిట్ ఐపీఏకు ఇండియాలో బీరుగా అమ్ముడయ్యే అర్హత లేదు. నౌకల్లో ఇండియాకు చేరేదాకా చెడకుండా ఉండాలని హాప్స్ దండిగా వేసి పంపిన తెల్లవాళ్ల బీరు పేరది. తిరిగొచ్చేసరికి మేనల్లుడి పెట్టెలో రావాల్సి వచ్చింది.

ఇక తీర్పు. చేతిపనిగా చూస్తే 120 మినిట్ ఈ నాలుగింటిలో మొదటిది. ఈస్టుతో అంతదూరం నడిపించడం మాటలు కాదు. తాగడానికి మాత్రం అది అరవై మిల్లీలీటర్ల వస్తువు. నలుగురు పంచుకుంటే ఆనందం, ఒక్కరే సీసా తాగితే శిక్ష. అమెరికా నుంచి తెచ్చేవాళ్లు ఒక్క సీసా తెస్తే చాలు. స్ట్రాంగ్ లాగర్ ఎండకు మందు, అంతకుమించి దాన్ని అడగడం దండగ. రుచికి మొదటి స్థానం ఈత కల్లుదే, చలికాలం, పొద్దున ఎనిమిదిలోపు, చెట్టు కింద. ఈ మూడు షరతుల్లో ఏది తప్పినా ఆ స్థానం పోతుంది.

ఎక్సైజ్ శాఖకు ఒక విన్నపం. అమెరికా సీసా తన ఘాటు ఎంతో ఒప్పుకుంటుంది. స్ట్రాంగ్ సీసా ఎనిమిది శాతానికి మించనని రాసి మరీ సంతకం పెడుతుంది. డిపో కల్లు సీసా మీద మాత్రం ఏమీ ఉండదు. ఏ చెట్టుది, ఏ రోజుది, ఏం కలిసింది అనే మాట లేదు. డిపోల నుంచి తీసే నమూనాల పరీక్ష ఫలితాన్ని ఆ డిపో గోడ మీదే, తేదీతో సహా, తెలుగులోనూ ఉర్దూలోనూ అంటించండి. బీడీలు చుట్టి వచ్చే ఆమె సీసా చేతిలోకి తీసుకునే ముందు అది చదవగలగాలి, చదవడం రాకపోతే పక్కవాళ్లతో చదివించుకోగలగాలి.